ఖాళీ ప్లేటే ముందు చూడండి

మలక్‌పేటలో మాది చిన్న కాలేజీ ల్యాబ్. ఈ-కోలై బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) ఎక్కించే ప్రాక్టికల్‌ అక్కడ ఎన్నో బ్యాచ్‌లతో చేయించాను. ఐస్‌లో పెట్టిన కణాలను 42 డిగ్రీల నీళ్ళలో నిమిషంపాటు ఉంచి మళ్ళీ ఐస్‌లోకి తీస్తాం. కోట్ల కణాల్లో ప్లాస్మిడ్ లోపలికి తీసుకునేవి బహు కొద్ది. వాటిని కంటితో ఏరలేం కాబట్టి ఆ పని యాంటీబయాటిక్ అయిన ఆంపిసిలిన్‌కి అప్పగిస్తాం. ప్లాస్మిడ్‌లో ఆ మందుని విరగ్గొట్టే జన్యువు ఉంటుంది. అది ఉన్న కణమే బతుకుతుంది.

అసలు నేర్పు ప్లేట్లు పోయడంలో ఉంది. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలకు కాగిన మీడియంలో వెంటనే మందు వేస్తే అది చెడిపోతుంది. మరీ ఆగితే అగార్ సీసాలోనే గడ్డకడుతుంది. 50, 55 డిగ్రీల మధ్య వేయాలి. శుద్ధి చేసిన సీసాలో థర్మామీటర్ ముంచలేం. అందుకే సీసాని మణికట్టుకి ఆనించి చూస్తాం. వేడిగానే ఉండాలి, చెయ్యి వెనక్కి లాక్కునేంత ఉండకూడదు. అప్పుడు మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు, అంటే లీటరుకి 100 మిల్లీగ్రాముల లెక్కన మందు కలిపి, నురగ రాకుండా తిప్పి పోస్తాం. పేరు మూత మీద కాదు, అడుగున రాయాలి. మూతలు తారుమారవుతాయి.

మర్నాడు పిల్లలందరి కళ్ళూ కాలనీలు నిండిన ప్లేటు మీదే. "మేడమ్, మాకు ఎక్కువ వచ్చాయి!" నేను మాత్రం ప్లాస్మిడ్ ఇవ్వని కణాలు పరిచిన ప్లేటు అడుగుతాను. అది ఖాళీగా ఉంటేనే మందు పనిచేసినట్టు. అక్కడా కాలనీలుంటే మిగతా లెక్కలన్నీ వృథా. ఇంకో చిక్కుంది. ప్లేట్లు ఇన్‌క్యుబేటర్‌లో ఎక్కువసేపు ఉంటే పెద్ద కాలనీ చుట్టూ సన్నటి చుక్కలు మొలుస్తాయి. పెద్దది వదిలిన ఎంజైమ్ చుట్టుపక్కల మందుని తినేస్తే, ప్లాస్మిడ్ లేనివి కూడా ఆ నీడన పెరుగుతాయి. వాటినీ లెక్కేసి సంబరపడేవాళ్ళే ఎక్కువ.

ఈ పద్ధతికి తెలుగువాడి చెయ్యి కూడా ఉందని చెబితే పిల్లలు నమ్మరు. 1973లో కోహెన్, బోయర్ బృందాలు జన్యువుల్ని అతికించి ఈ-కోలైలోకి పంపినప్పుడు, ఏరడానికి వాడిన మందుల్లో టెట్రాసైక్లిన్ ఒకటి. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. లెడర్లీ మందుల కంపెనీలో డగ్గర్ కనిపెట్టిన ఆ మందు 1948లో లోకానికి తెలిసింది. అప్పటికి ఆ కంపెనీ పరిశోధనలకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇక నన్ను ఇబ్బందిపెట్టే సంగతి. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రకటించారు. మామూలు ఈ-కోలైని ఆపడానికి అందులో వందోవంతు కూడా అక్కర్లేదు. మా ప్లేటు ఒక గదిలో, ఒక రాత్రి చేసే పనిని అలాంటి నీళ్ళు ఆరుబయట చేస్తాయి: మందుకి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి. అక్కడ పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఖాళీ ప్లేటు కూడా లేదు.

మా ల్యాబ్ ప్లేట్లలో పెరిగినవీ మందుకి లొంగనివే. మలక్‌పేట అంచునే మూసీ నది. పని అయిపోయిందని ప్లేట్లు చెత్తబుట్టలో వేయడం, మిగిలిన కల్చర్ సింకులో ఒంపడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ప్రాక్టికల్స్ చేయించే తోటి లెక్చరర్లకు ఒక్క మాట: మార్కులు వేసేముందు ప్రతి ప్లేటూ, ప్రతి పిపెట్ టిప్పూ ఆటోక్లేవ్‌లోకి వెళ్ళిందో లేదో చూడండి. రికార్డు మీద సంతకం ఆ తర్వాతే పెట్టండి.