తెల్లబల్ల మీద బోధికొండ

ఆన్‌లైన్ వైట్‌బోర్డును తెలుగులో ఏమనాలన్నది నాకు చాలాకాలంగా తెగని విషయం. నల్లబల్లకు జంటగా తెల్లబల్ల అనవచ్చును గాని, నల్లబల్ల దగ్గర సుద్దముక్క ఒక్కరి చేతిలోనే ఉండేది. ఇక్కడ ఇద్దరూ ఒకేసారి గీయవచ్చు, ఒకరి గీతను మరొకరు తుడవనూవచ్చు. చిక్కంతా ఆ రెండవదానితోనే.

మా పెదనాన్నగారి అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. రామతీర్థం గురించి పిల్లలకొక బొమ్మల పుస్తకం చేయాలని 2021లో ఇద్దరం సంకల్పించాము. గూగుల్ వారి జామ్‌బోర్డులో ఒక్కో బల్లకు ఇరవై పుటలే పరిమితి. పుస్తకం నిడివిని అదే నిర్ణయించింది! వేసవిలో ఆమెకు రాత్రి తొమ్మిదయితే నాకు ఉదయం ఏడున్నర. ఆమె గీత నా తెర మీద ముక్కలుముక్కలుగా పెరుగుతూ ఉండేది.

దుర్గకొండ మీది జైన శిల్పాలు, గురుభక్తులకొండ మీది బౌద్ధారామపు ఇటుకగోడలు తేలికగానే కుదిరాయి. పేచీ బోధికొండ దగ్గర వచ్చింది. 2020 డిసెంబరులో అక్కడి కోదండరామాలయంలో విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. తరువాత ఆలయాన్ని రాతితో కొత్తగా కట్టి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. నేను కొండెక్కి చూసివచ్చి కొత్త గుడిని గీశాను. తెల్లవారేసరికి అది లేదు. దాని చోట చిన్న పాతగుడి ఉంది.

"నా గుడి చెరిపేసినావేటక్కా?" అని ఫోనులో అడిగాను.

"నాకు తెలిసిన గుడి అది కాదు తమ్ముడూ. నేను మళ్ళీ వచ్చినా చూడ్డానికి పాతది లేదు గదా. ఇక్కడైనా ఉండనీ."

నాకు జవాబు తోచలేదు. ఒకే గదిలో కూర్చుంటే ఎదుటివారి గీత తుడవడానికి వారి చేతిని దాటి వెళ్ళాలి, ముఖం చూడాలి. తెల్లబల్ల మీద తుడుపుకు చప్పుడే ఉండదు. నా దృష్టిలో దూరపు సహరచనలో అసలు లోటు ఇదే. నెట్ నెమ్మదిగా ఉండడం దీని ముందు ఏపాటి?

అప్పటినుంచి మా పద్ధతి మారింది. తుడవడం లేదు. వద్దనుకున్నదాన్ని పక్కకు జరిపి, ఎందుకో పసుపు చీటీ మీద రాయాలి. ఫోను కలిపి ఉంచుకునే గీయాలి. పాతగుడికి ఒక పుట, ఎదురుగా కొత్తగుడికి ఒక పుట. మధ్యలో ఏం జరిగిందో పిల్లలకు ఏ మాటల్లో చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్కడి పసుపు చీటీలు ఇప్పటికి పదకొండు.

జామ్‌బోర్డు 2024 డిసెంబరు 31తో ముగిసింది. ముందే ప్రకటించారు గనుక అన్నీ పీడీఎఫ్‌గా దించుకున్నాము. అందులో గీతలన్నీ ఒకే బొమ్మగా అతుక్కుపోయాయి. ఎవరి గీత ఏదో విడదీసి జరపడం ఇక కుదరదు.

ఇప్పుడు ఎక్స్‌కాలిడ్రాలో గీస్తున్నాము. ఆ బల్లకు అంచు లేదు. పుస్తకమన్నాక అంచు ఉండాలని నా పట్టు. అక్క వినదు. రామతీర్థం దాటి నెల్లిమర్ల రోడ్డు గీసుకుంటూ పోతోంది. మొన్నటికి జూట్‌మిల్లు దాకా చేరింది.