ఖరగ్‌పూర్‌లో ఆటల పంచాంగం

హౌరాలో బయలుదేరి దక్షిణాదికి వచ్చే రైలు సుమారు 115 కిలోమీటర్లు సాగిన పిమ్మట ఖరగ్‌పూర్ చేరుతుంది. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఏదని అడిగితే, ఒక తరం విద్యార్థులు ఈ ఊరి పేరే తడుముకోకుండా చెప్పేవారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని పట్టుకొనిపోయినవి. ఈ సంగతి కదిపితే ఊరివారు చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. ఫుట్‌బాల్ సంగతో, క్రికెట్ సంగతో ఎత్తితే మాత్రం టీ చల్లారిపోయేవరకు వదలరు.

ఒక అనువాదం పనిమీద నేనీ పట్టణంలో కొన్ని వారాలు గడిపాను. భాషలతో బ్రతికేవాడికి ఇంతకన్న మంచి మజిలీ ఉండదు. గోల్ బజారులో వంకాయల బేరం తెలుగులో మొదలై, బెంగాలీలో తెగి, చిల్లర లెక్కకు హిందీలోకి దిగుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఈ ఎర్రమట్టి నేలను కూడలి స్థలంగా ఎంచుకొన్నది. కలకత్తా, మద్రాసు, బొంబాయి దిశల మార్గాలు ఇక్కడ కలిసినవి. పెద్ద కార్ఖానా వెలసింది. దానిలో పనికని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయినవి. నాలుగైదు తరాలు గడిచినా ఇండ్లలో ఉత్తరాంధ్ర యాస చెక్కుచెదరలేదు.

రైల్వే పట్టణాలలో ఆట పాలనలో ఒక భాగం. కంపెనీ క్వార్టర్లు కట్టినట్లే ఇన్‌స్టిట్యూట్ కట్టింది, మైదానం చదును చేయించింది. ఇక్కడి ప్రధాన క్రీడాస్థలాన్ని అందరూ ‘సెర్సా’ అంటారు. అది సౌత్ ఈస్టర్న్ రైల్వే స్పోర్ట్స్ అసోసియేషన్ అనే పొడవాటి పేరుకు పొట్టి రూపం. రైల్వేల అఖిల భారత క్రీడాసంఘం 1928నాటిది. ఆటగాడికి ఉద్యోగమిచ్చి, అతని ఆటను తన జట్టుకు వాడుకోవడం రైల్వేలు ఎన్నడో నేర్చినవి. కలకత్తా మైదానంలో బి.ఎన్.ఆర్. జట్టుకు ఆడిన అప్పలరాజు, 1964 ఆసియా కప్పులో దక్షిణ కొరియాపై భారతదేశం 2-0తో గెలిచిన ఆటలో మొదటి గోలు చేశాడు. 2001 నుండి 2003 వరకు ఈ స్టేషనులో టికెట్లు తనిఖీ చేసిన రాంచీ యువకుడు మహేంద్రసింగ్ ధోనీ కథ దేశమంతటికీ తెలిసినదే.

ఇంతటి ఊరిలో నాకు వినిపించిన ఘాటైన వాదం క్రికెట్ గురించి కాదు. మన చెడుగుడును గురించి. బెంగాలీలు దీనిని హాడుడు అంటారు. సరిహద్దుకు ఆవల బంగ్లాదేశ్‌కు అది జాతీయ క్రీడ. కబడ్డీ అన్న పేరుతో 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి వ్యాయామ మండలివారు దీనిని ప్రదర్శించారు. 1938లో కలకత్తాలో జరిగిన జాతీయ క్రీడలలో దీనికి స్థానం దొరికింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకు ఎక్కింది. దేశంలో రైల్వే జట్లంటే కబడ్డీలో హడలు. మహిళల విభాగంలోనయితే దశాబ్దాల తరబడి వారిదే పైచేయి. ఇక వాదం ఎందుకు? పోటీలు ఏ నెలలో పెట్టాలన్నదే వాదం.

వినడానికి ఇది గుమాస్తాల వ్యవహారంలా తోస్తుంది. కాని ప్రతి ఆటకూ ఒక ఋతువు ఉన్నది. బెంగాలులో ఫుట్‌బాల్ వానాకాలపు ఆట. నేల మెత్తబడినప్పుడు వట్టి కాళ్ళతో ఆడడం సుఖం. 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని ఓడించిన మోహన్ బగాన్ జట్టులో బూట్లు తొడిగినవాడు ఒక్కడే. చలికాలం క్రికెట్‌ది, ఇటీవల టెన్నిస్ బంతి పోటీలు దీపాల వెలుగులో రాత్రులను కూడ ఆక్రమించినవి. మరి చెడుగుడుకు? పల్లెలో అది కోతలు ముగిసి, నేల ఆరి, కుర్రవాళ్ళకు తీరిక చిక్కినప్పటి ఆట. కార్ఖానా పట్టణంలో కోతలు లేవు. అయినా పండుగ నిలిచింది.

మలంచా వైపు ఒక టీ దుకాణంలో కార్ఖానా నుండి విరమించిన ఒక ఫిట్టరు నాతో, “సంకురాత్రికి పెట్టండి బాబూ, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. డప్పు కూడా అక్కర్లేదు” అన్నాడు. ఆయన మాటలో బలమున్నది. సంక్రాంతి మనకే కాదు. బెంగాలీలకు పౌష సంక్రాంతి, ఒడియావారికి మకర సంక్రాంతి. మూడు భాషలవారికీ ఒకే తేదీ, ఒకే ఆట. ఇంతకుమించిన ప్రచారం డబ్బుతో కొనగలమా?

ప్రక్కనే కూర్చున్న యువ శిక్షకుడు ఒప్పుకోలేదు. పశ్చిమ బెంగాలులో మాధ్యమిక పరీక్షలు ఫిబ్రవరిలో వస్తున్నవి. జనవరిలో పదవ తరగతి పిల్లవాడిని ఏ తల్లి పంపుతుంది? పైగా ఇప్పుడు ఆట మట్టిమీద లేదు, మ్యాట్‌మీద ఉన్నది. పది మీటర్ల వెడల్పు, పదమూడు మీటర్ల పొడవు గల ఆ మ్యాట్ పరచడానికి కప్పు కావాలి. మట్టిలో ఆడినవాడు మ్యాట్‌మీద జారుతాడు. మ్యాట్‌మీద పెరిగినవాడు మట్టిలో మోకాళ్ళు చీరుకొంటాడు. “పండుగనాటి కప్పు ఎవరికి కావాలి సార్? సర్టిఫికెట్ కావాలి” అన్నాడు అతడు.

ఆ మాటతో వాదం అసలు చోటికి వచ్చింది. క్రీడాకారుల కోటాలో రైల్వే ఉద్యోగానికి వయస్సు పద్దెనిమిది నుండి ఇరవై ఐదు. సాధారణంగా నడుస్తున్న ఆర్థిక సంవత్సరంలోను, దానికి ముందరి రెండింటిలోను గుర్తింపు పొందిన పోటీలలో సాధించిన ఫలితాలే లెక్కకు వస్తాయి. జాతీయ పోటీ ఒక ఏడాది వాయిదా పడితే అధికారులకు అది ఒక కాగితం. ఇరవై నాలుగేండ్ల పిల్లవాడికి అదే జీవితం. కబడ్డీ సమాఖ్య వ్యవహారాలు న్యాయస్థానానికి ఎక్కి, 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక పాలనాధికారిని నియమించింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత గాని ఎన్నికైన కార్యవర్గం చేతికి పగ్గాలు రాలేదు. ఈ ఏడేండ్లలో పద్దెనిమిది నిండి ఇరవై ఐదు దాటినవారున్నారు.

టెలివిజను తెచ్చిన ప్రచారం సంగతి కూడ చెప్పుకోవాలి. 2014 జూలై 26న ప్రో కబడ్డీ లీగు ఆరంభమయింది. ఆటకు వెలుగు వచ్చింది, ఆటగాళ్ళకు డబ్బు వచ్చింది, మంచిదే. అయితే ఆ లీగుకు తిథి లేదు. 2016లో ఏడాదికి రెండుమార్లు జరిగింది; 2018లో అక్టోబరులో, 2019లో జూలైలో, 2021లోను 2023లోను డిసెంబరులో, 2025లో ఆగస్టు నెలాఖరున విశాఖపట్నంలో మొదలైంది. దసరా ఏ ఏడాదికాయేడాది నెల మార్చుకొంటే బొమ్మల కొలువు ఎవరు పెడతారు?

ఇటువంటి తగవే చాలా దూరాన ఐర్లండులో నడుస్తున్నది. ఆంగ్ల సాహిత్యం చదివినవారికి జాయిస్ ‘యులిసిస్’ నవలలో ‘సిటిజన్’ అనే వదరుబోతు గుర్తుండవచ్చును. ఆ పాత్రకు మూలపురుషుడని చెప్పే మైకేల్ కుసాక్ 1884లో తన దేశపు ఆటలను నిలబెట్టడానికి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ స్థాపించాడు. వంపు కర్రతో ఆడే హర్లింగ్, చేతులూ కాళ్ళూ వాడే గేలిక్ ఫుట్‌బాల్ వారి ముఖ్య క్రీడలు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఎనభై రెండువేల మందికి చోటున్నది. ఆడేవారు మాత్రం జీతం లేనివారు. ఒకే ఆటగాడు తన ఊరి క్లబ్బుకూ, తన కౌంటీ జట్టుకూ ఆడాలి. కౌంటీ పోటీలు సాగినంతకాలం క్లబ్బులవారు తేదీ తెలియక పడిగాపులు కాచేవారు. అందుచేత 2022 నుండి ఏడాదిని రెండు ముక్కలు చేశారు. పూర్వం సెప్టెంబరులో జరిగే అఖిల ఐర్లండు ఫైనల్స్ జూలైకి జరిగినవి. తరువాతి నెలలు క్లబ్బులవి. ఊరి ఆటగాడికి నిశ్చింత దొరికింది. అయితే, “బడులు తెరిచే సెప్టెంబరులో పిల్లలు మాట్లాడుకోవడానికి మన పెద్ద ఆట లేకుండాపోయింది, ఆ నెలలను ఇతర క్రీడలకు ధారపోశాము” అని ప్రచారం కోరేవారు నేటికీ గోల పెడుతున్నారు.

ఖరగ్‌పూర్ ఫిట్టరూ, శిక్షకుడూ ఆ వాదాన్ని వింటే వెంటనే పోల్చుకొంటారు. నా మట్టుకు నేను ఐరిష్ క్లబ్బులవారి పక్షమే. పెద్ద పోటీల తేదీలు ఏడాది ముందుగా ప్రకటించి, వాటిని కదపకుండా ఉంచితే, మిగిలిన ఖాళీలలో ఊరు తన ఆటను తానే ఆడుకొంటుంది. సంక్రాంతికి పదవ తరగతి దాటినవారిని మట్టిమీద ఆడించవచ్చును. చిన్నపిల్లలకు వేసవి సెలవులలో, ఎండ తగ్గిన సాయంకాలాలున్నవి. వానలలో మ్యాట్ పరచడానికి ఏ ఇన్‌స్టిట్యూట్ హాలో అడగవచ్చును. రైల్వేవారికి కాలపట్టిక నేర్పవలసిన పని లేదు గదా!

నేను బయలుదేరేముందు ఆ టీ దుకాణంలోనే ఇద్దరూ ఒక పాత కాలెండరు వెనుక తేదీలు వేసుకొంటూ కనిపించారు. జనవరి 14, 15 అని ఫిట్టరు వ్రాయించాడు. శిక్షకుడు 15ను కొట్టివేశాడు. ఆనాడు కార్ఖానాలో ఎవరికి సెలవో, ఎవరికి డ్యూటీయో కనుక్కోవాలట.