పాత ఫియటూ... పెన్సిల్ సెల్సూ

తెనాలిలోని ఆ ఇంట్లో ఏ పెన్సిల్ సెల్ తీసి చూసినా దాని ఒంటి మీద ఒక తేదీ ఉంటుంది. నల్ల స్కెచ్ పెన్నుతో రాసిన చిన్న చిన్న అంకెలు. గోడ గడియారంలో దానికీ, రిమోట్లలో వాటికీ, ఆఖరికి మనవడు వేసవి సెలవులకొచ్చి వదిలేసి వెళ్లిన బొమ్మకారులో వాటికీ. ఆ సెల్ వేసిన రోజు అది. లెక్కల మేష్టారుగా రిటైరైన 76 ఏళ్ల పెద్దాయన అలవాటు. 'తేదీ రాశారు సరే, నక్షత్రం కూడా రాయకపోయారా?' అని ఆయన భార్య ఎగతాళి చేస్తుంది. ఎవరేమన్నా ఆయన మానలేదు. ఎందుకంటే ఆ అలవాటు నేర్పింది షెడ్డులో ఉన్న కారు.

అది 1983 నాటి ప్రీమియర్ పద్మిని. కాగితాల మీద పేరేదైనా మనవాళ్లు మాత్రం ఫియట్ అనే పిలిచారు. ఇటలీ ఫియట్ 1100 బండినే ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు. 1970లలో దానికి పద్మిని అని పేరొచ్చింది. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ముంబయిలో నలుపు-పసుపు ట్యాక్సీలుగా మిగిలినవి కూడా 20 ఏళ్ల వయోపరిమితి దాటి ఒక్కొక్కటే తప్పుకొని, 2023 అక్టోబరు 30తో పూర్తిగా సెలవు తీసుకున్నాయి. ఆ వార్త చదివిన రోజు మేష్టారు పేపరు మడిచి పక్కన పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా షెడ్డులోకి వెళ్లి ఇంజిన్ ఆయిల్ చూసొచ్చారు.

1991లో గుంటూరులో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నారాయన దాన్ని. పీఎఫ్ లోను పెట్టి కొనడం ఇంట్లో అప్పట్లో పెద్ద గొడవే అయింది, అది వేరే కథ. కొన్న రోజు నుంచీ ఒక రూళ్ల పుస్తకం పెట్టారు. ప్లగ్గులు ఎప్పుడు మార్చిందీ, పాయింట్లు ఎప్పుడు గీకిందీ, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోసిందీ అన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడు నడుస్తున్నది మూడో పుస్తకం.

ఆ బండి గురించి ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది: 'అది చెప్పకుండా ఆగదు.' పాయింట్లు అరిగితే పొద్దున్నే స్టార్టు చేసేటప్పుడు దగ్గుతుంది. బెల్టు వదులైతే కీచుమంటుంది. క్లచ్ ప్లేటు పోయే నెల ముందు నుంచే ఎత్తు మీద ఇంజిను అరుస్తుంది గానీ బండి కదలదు. మే నెల ఎండల్లో పంపు దగ్గర పెట్రోలు ఆవిరైపోయి బండి గునిసిందంటే, దాని మీద తడిగుడ్డ వేసి పావుగంట ఏ చెట్టు కిందో కూర్చోవడమే. మంగళగిరి దగ్గర ఒకసారి అలా కూర్చున్నప్పుడు ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసిస్తూ, 'పెళ్లికి వెళ్తున్నామా, వనభోజనాలకి వెళ్తున్నామా?' అని అడిగిందట.

సామాను కావాలంటే విజయవాడ ఆటోనగర్. ఒకప్పుడు అక్కడ ఫియట్, అంబాసిడర్ విడిభాగాలు గుట్టలుగా ఉండేవి. ఇప్పుడు ఒక కార్బురేటర్ కిట్టు కోసం నాలుగు వీధులు తిరగాలి. మేష్టారికి అలవాటైన మెకానిక్ కూడా వయసు మళ్లినవాడే. 'మీ బండికి చెవి చాలు మేష్టారూ, ఇప్పటివాటికి ల్యాప్‌టాప్ కావాలి' అంటాడు. పెట్రోలు కూడా మారుతూ వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అయ్యింది. పాత ఇంజిన్లలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది ఆ సీసమే. అందుకని తర్వాత ఇంజిను పని చేయించినప్పుడు గట్టి సీట్లు వేయించారు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలయ్యాక, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవని తెలిసి అవీ మార్పించారు. ఇప్పటికీ పొద్దున్నే షెడ్డు తలుపు తీసి ఒక నిమిషం వాసన చూస్తారు. పెట్రోలు వాసనొస్తే ఆ రోజు బండి కదలదు.

సెల్స్ కూడా ఒకప్పుడు అలా ముందే చెప్పేవి. మూడు పెద్ద సెల్స్ వేసుకునే స్టీలు టార్చిలైటు గుర్తుంది కదా. సెల్స్ నీరసపడుతుంటే తెల్లటి వెలుగు పసుపు అయ్యేది, పసుపు ఎరుపు అయ్యేది. వారం ముందే తెలిసిపోయేది, వెళ్లి కొనుక్కోవాలని. చేతిలో డబ్బు లేకపోతే సెల్స్‌ను ఎండలో పెట్టేవాళ్లు. పిచ్చిపని కాదది. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకై, ఇంకో రెండు రాత్రులు గడిచేవి. పూర్తిగా అయిపోయాక పగలగొడితే మధ్యలో ఉండే నల్లటి కర్ర పిల్లల ఆటవస్తువు. చుట్టూ ఉన్న నల్లపొడి ఆకు పసరులో కలిపి పలకకు పూసుకునేవాళ్లు. నెల్లూరులో నిప్పో సెల్స్ తయారీ మొదలయ్యాక ఊళ్లలో 'మన నెల్లూరు సరుకు' అని చెప్పుకొని మరీ కొనేవాళ్లు.

ఇప్పుడు టార్చీల్లో ఎల్ఈడీలు వచ్చాయి. తక్కువ కరెంటుతో వెలుగుతాయి, మంచిదే. కానీ చాలావాటిలో వెలుగు చివరిదాకా బాగానే ఉన్నట్టుండి ఒక్కసారిగా చచ్చిపోతుంది. మామూలు సెల్‌లో జింకు డబ్బాయే పాత్ర, అదే తిండి. కరెంటు ఇచ్చేకొద్దీ ఆ గోడ లోపల్నుంచి తినేయబడుతుంది. జింకు పల్చగా ఉంటే త్వరగా చిల్లు పడి లోపలి రసం కారుతుంది. వెనకటి పెద్ద సెల్స్‌లో మంచిరకాలకు పైన రేకు తొడుగు ఉండేది. చవకరకం వాటికి పైన కాగితమో ప్లాస్టిక్కో చుట్టి సరిపెడతారు. కొత్త రిమోటుతోపాటు ఊరికే వచ్చే సెల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మేష్టారి లెక్క ప్రకారం 1990లలో గోడ గడియారంలో వేసిన సెల్ ఒక ఉగాది దాటి రెండో ఉగాది దాకా వచ్చేది. ఈమధ్య ఒకటి 14 నెలలు వచ్చింది. అదే కంపెనీది, అదే రంగుది, వేరే కొట్లో కొన్నది అయిదో నెలలో ఆగిపోయింది. ఒక గడియారాన్ని బట్టి లోకం చెడిపోయిందని తేల్చేయకూడదని లెక్కల మేష్టారికి తెలియదా? అందుకే మీటరు కొన్నారు. అదీ పూర్తిగా నిజం చెప్పదని త్వరలోనే తెలిసింది. సగం చచ్చిన సెల్ కూడా ఊరికే కొలిస్తే ఒకటిన్నర వోల్టుకు దగ్గర్లోనే చూపిస్తుంది. చిన్న టార్చి బల్బు తగిలించి, అది వెలుగుతుండగా కొలిస్తేనే దాని సత్తా బయటపడుతుంది. అలా కొలిచి, రాసి, ఆయన చివరికొచ్చిన మాట ఇది: 'అన్నీ పాడైపోయాయని కాదు. ఏది ఎన్నాళ్లు వస్తుందో చెప్పలేకపోతున్నాం.' ఎండలో వేలాడదీసిన ప్యాకెట్టు నుంచి తెచ్చినదీ, లోపలి అరలోంచి తెచ్చినదీ ఒకటి కావు. అడుగున అచ్చువేసిన గడువు తేదీ ఎంతమంది చూసి కొంటారు?

2024 మే నెలలో ఒక రాత్రి ఇదంతా పుస్తకంలో లెక్కగా మిగల్లేదు.

కరెంటు పోయి గంటయింది. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని తల తిరుగుతోందంది. బీపీ మనిషి. ఫోను వెలుతురులో మేష్టారు బీపీ మిషను తీశారు. పట్టీ చేతికి చుట్టి బటన్ నొక్కితే చప్పుడు లేదు. వెనక మూత తీస్తే సెల్స్ చివర్లలో తెల్లగా పొడి పట్టి, స్ప్రింగులు పచ్చబడి ఉన్నాయి. నాలుగు సెల్స్ కావాలి దానికి. గడియారంలోది ఒకటి, బొమ్మకారులోవి రెండు దొరికాయి. రిమోట్లలోవి చూస్తే సన్నరకం. నాలుగోది ఇంట్లో లేదు. ఉన్నా, ఆ స్ప్రింగుల మీద పనిచేసేది కాదేమో.

'కొలిచేదేంటి, పదండి' అంది ఆవిడ. కారు దగ్గరికెళ్తే అక్కడా అదే కథ. ఎండలకు భయపడి పదిహేను రోజులుగా తీయలేదు. సెల్ఫ్ ఒకసారి మూలిగి ఊరుకుంది. పక్కింటి కుర్రాళ్లిద్దరూ లుంగీలు ఎగ్గట్టి వచ్చి తోశారు. రెండో గేరులో పెట్టి, వేగం అందుకున్నాక క్లచ్ వదిలేసరికి ఇంజిను అందుకుంది. ఆసుపత్రిలో చూస్తే బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆ రాత్రికి ఉంచుకుని, మందు మార్చి, మర్నాడు సాయంత్రం పంపించేశారు.

బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనులో మొదట తల్లితో మాట్లాడాడు. తర్వాత తండ్రితో అన్నాడు: 'నాన్నా, అమ్మను ఆ బండిలో, అదీ తోయించుకుని తీసుకెళ్లారా? 108కి ఫోన్ చేయొచ్చుగా. బెల్టులు లేవు, ఎయిర్‌బ్యాగులు లేవు, సడన్‌గా బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుందో తెలీదు. ఇంకా ఎన్నాళ్లు?' మేష్టారు జవాబు చెప్పలేదు. కొడుకు చెప్పినదాంట్లో అబద్ధమేదీ లేదు. 40 ఏళ్ల నాటి డ్రమ్ము బ్రేకుల్ని ఎంత ముద్దు చేసినా అవి ఈనాటి బ్రేకులు కావు.

ఆ రాత్రి ఆయన్ని బాధపెట్టింది మాత్రం కారు కాదు, బీపీ మిషను. ఇంటికొచ్చాక పొడి తుడిచి సెల్స్ మీద తేదీలు చూసుకున్నారు. రెండింటి మీద 2024 జనవరి. మిగతా రెండింటి మీద 2023 మార్చి. సంక్రాంతికి రెండే బలహీనంగా ఉన్నాయని రెండే మార్చింది తనే. పొదుపు. నాలుగూ వరసలో ఉన్నప్పుడు పాతవి ముందు ఖాళీ అవుతాయి. కొత్తవి తమ కరెంటును వాటిగుండా తోస్తూనే ఉంటాయి. లోపల వాయువు పుట్టి, ఒత్తిడి పెరిగి, మూత చిట్లి రసం బయటికొస్తుంది. కంపెనీని తిట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషికి తన చేతిరాతే ఎదురైంది. భార్యకు ఆ సంగతి వెంటనే చెప్పలేకపోయారు. మూడో రోజు చెప్పారు. ఆవిడ ఏమీ అనకుండా తీరిగ్గా తాంబూలం చుట్టుకుంటూ, 'కారు పుస్తకంలో అయితే ఇలాంటి పొరపాటు రాదుగా మీకు' అంది.

అది తగిలింది. కారు బ్యాటరీకి ప్రతి నెలా హైడ్రోమీటరు పెట్టి చూసే మనిషి, ఇంట్లో మనిషి ప్రాణానికి సంబంధించిన పెట్టె మూతను నాలుగు నెలలు తెరవలేదు. హైడ్రోమీటరు చూసినా ఆ కారు బ్యాటరీని మార్చకుండా ఇంకో వేసవి లాగిద్దామనుకున్నదీ ఆయనే.

మర్నాడే కొత్త బ్యాటరీ వచ్చింది. పాతది ఇస్తే కొట్టువాడు కొంత తగ్గించాడు. సీసం మళ్లీ కరిగించి వాడతారు కాబట్టి దానికి విలువుంది. పాత బ్యాటరీని కొట్టువాడు వెనక్కి తీసుకోవాలన్న నియమం సీసం బ్యాటరీలకు 2001 నుంచే ఉంది. పెన్సిల్ సెల్స్‌ లాంటివాటికి తయారీదారులదే బాధ్యత అన్న నియమాలు 2022లో వచ్చాయి. ఆచరణలో అవి చాలా ఇళ్లలో చెత్తబుట్టలోకే పోతాయి. మేష్టారు ఇప్పుడు వాటిని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేస్తున్నారు. డబ్బా నిండితే ఎక్కడివ్వాలో మాత్రం ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇంట్లో కొత్త పద్ధతులు ఆవిడ పెట్టింది. బీపీ మిషను వాడనప్పుడు సెల్స్ బయటే ఉంటాయి. నాలుగు మంచి ఆల్కలైన్ సెల్స్ విప్పని ప్యాకెట్టుగా దేవుడి అలమరలో ఉంటాయి. వాటిని రిమోటుకు తీశారో, ఊరుకునేది లేదు. గడియారానికీ రిమోట్లకూ మామూలు సెల్సే చాలు. బొమ్మకారుకు రీచార్జి చేసుకునేవి వచ్చాయి. ఎన్ని వేసినా అన్నీ ఒకేసారి, ఒకేరకం. రాత్రిళ్లు ఏదైనా అయితే ముందు 108కి ఫోను, తర్వాతే ఫియట్. కొడుకు పట్టుబట్టిన షరతు అది. మేష్టారు ఒప్పుకున్నారు. సోమ, గురువారాల్లో మాత్రం పొద్దున్నే బండి తీసి కాలువ గట్టు దాకా వెళ్లిరావాలి. అది ఆవిడ షరతు.

కాగితాల సంగతీ ఉంది. 15 ఏళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి ఆర్‌సీ పునరుద్ధరించుకోవాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2023లో మేష్టారు అది కట్టారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. మళ్లీ 2028లో కట్టాలి. 2033 నాటికి బండికి 50 ఏళ్లు నిండుతాయి, వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు 'వీఏ' అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఇస్తారు. కాకపోతే ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు.

ఒక గురువారం మేష్టారు ఈ నియమం చదివి వినిపిస్తుంటే ఆవిడ సంచి తీసుకుని బయటికొచ్చింది.

'అప్పటి సంగతి అప్పుడు చూద్దాం గానీ, ముందు బండి తీయండి. కూరగాయలు అయిపోయాయి.'