గార్డ్‌రైల్ మీద మంకీ క్యాప్

టోక్యోలో కొన్ని ఇళ్ళ ముందు, గోడ వారగా, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు వరసగా పెట్టి ఉంటాయి. పోయిన చలికాలం ఒంగోలు నుంచి వచ్చిన నాన్న వాటిని చూసి, "చలివేంద్రమా ఏందిరా?" అనడిగాడు. జనవరిలో! పిల్లులు రాకుండా పెడతారని చెప్పాను. "మరి రావట్లేదా?" అన్నాడు. ఆ సీసాల పక్కనే ఒకటి హాయిగా పడుకునుంది.

ఆరేళ్ళుగా అదే దారిలో స్టేషన్‌కి నడుస్తున్నా ఆ సీసాల్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాకు పన్నెండు నిమిషాలు పట్టే నడక నాన్నతో అరగంటయ్యేది. రోడ్డు తవ్విన చోట అడ్డుపైపుల్ని పట్టుకుని నవ్వుతూ నిలబడే ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్పల దగ్గర ఆగేవాడు. అక్కడ ఎర్ర లైటు కర్ర పట్టుకున్న గార్డు, ఇబ్బందికి మన్నించమన్నట్టు నడుం వంచితే, నాన్న చెప్పులు విడిచినంత పనిచేసి రెండు చేతులా దణ్ణం పెట్టేవాడు.

ఇలాంటి వీధి వింతల్ని శ్రద్ధగా పోగేసిన ఒక కళాకారుడుండేవాడు, అకసెగవా గెన్‌పెయ్. 1972లో యొత్సుయాలో ఆయనకో మెట్ల వరస కనపడింది. ఇటునుంచి ఎక్కి అటు దిగొచ్చు, పైన మాత్రం తలుపు లేదు. అయినా చెక్క రెయిలింగు పాడైన చోట ఎవరో కొత్త ముక్క వేసి బాగుచేశారు. పనికిరాకపోయినా పదిలంగా చూసుకునే ఇలాంటివాటికి ఆయన తర్వాత 'థామసన్' అని పేరు పెట్టాడు. గ్యారీ థామసన్ అంటే యొమియురి జెయింట్స్ జట్టు పెద్ద జీతమిచ్చి అమెరికా నుంచి తెచ్చుకున్న బేస్‌బాల్ ఆటగాడు. బ్యాట్ ఊపడమే గానీ బంతికి తగలడం తక్కువ.

ఇది చెప్తే నాన్న పగలబడి నవ్వాడు. కాసేపాగి, "అయితే నీ ఇంట్లో నేనూ థామసన్నేరా" అన్నాడు. జోకే అనుకున్నాను.

ఒక సాయంత్రం నాన్న మంకీ క్యాప్ ఎక్కడో పడిపోయింది. మర్నాడు చూస్తే, సిగ్నల్ దగ్గర గార్డ్‌రైల్ స్తంభానికి తొడిగి ఉంది, మనిషి తలకి తొడిగినట్టే. ఇక్కడంతే. ఒంటి గ్లవ్ గానీ, పసిపిల్లల మేజోడు గానీ రోడ్డు మీద దొరికితే, కనపడే ఎత్తులో పెట్టి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.

నాన్న క్యాప్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఎంత మర్యాదస్తులురా! తీసిపెట్టినాయన కనపడితే బావుణ్ణు, ఓ మాట మాట్లాడేవాణ్ణి."

మూడు వారాలైంది ఆయన వచ్చి. నేనాయనకి హీటర్ పెట్టాను, రైలు కార్డు కొన్నాను, తెలుగు ఛానళ్ళు పెట్టించాను, ఫోన్లో మ్యాపు నేర్పించాను. ఏదీ తక్కువ చేయలేదనే అనుకున్నాను. ఆ టోపీని చూశాక తెలిసింది. దుమ్ము దులిపి, భద్రమైన చోట పెట్టి, రోజూ ఆఫీసుకి వెళ్ళిపోయాను.

నాన్న వెళ్ళిపోయాడు. మార్చికల్లా రోడ్డు పని కూడా అయిపోయింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు, "మన కప్పలు బావున్నాయా?" అనడుగుతాడు. బావున్నాయనే చెప్తున్నాను. అది అబద్ధం కాకూడదని, ఈమధ్య స్టేషన్ నుంచి రోజుకో సందులోంచి ఇంటికొస్తున్నాను.