ఆ పేరు వెనక కూర్చున్నది నేను

ఆన్‌లైన్‌లో ఇంకొకరి మొహం పెట్టుకుని మాట్లాడేవాళ్లంటే జనం ఒక్కటే మాట అంటారు, డబ్బాశ అని. ఆశపడేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ నేనూ కొన్ని నెలలు ఒక ఆడమనిషి పేరుతో ఆ కుర్చీలో కూర్చున్నాను. అక్కడ నేను చూసింది వేరు.

మాది రాయచూరు జిల్లా గబ్బూరు దగ్గర క్యాంపు. నారాయణపుర కుడి కాలువ నీళ్లు వస్తాయని కోస్తా నుంచి వచ్చి భూములు తీసుకున్న కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, రాయచూరు బజారులో హిందీ. మిర్చిని నల్ల తామర పురుగు తినేసిన ఏడాది చేసిన అప్పు తీరక ఇంట్లో అందరం నలిగిపోతున్నాం. అప్పుడే ఏజెంటు దొరికాడు. "కంబోడియాలో డేటా ఎంట్రీ. నీకు మూడు భాషలొచ్చు కదా, జీతం బాగా ఇస్తారు" అన్నాడు. డిగ్రీ చేతికొచ్చాక నా భాషల గురించి అడిగిన మొదటి మనిషి అతనే. నాన్న పొలం కాగితాలు పెట్టి లక్షన్నర తెచ్చి కట్టారు. అది 2023 చివర.

దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నారు. ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకున్నారు. మధ్యలో పోతానంటే వేల డాలర్లు కట్టాలట. గేటు లోపలి నుంచి బయటికి వెళ్లే వీల్లేదు.

నా బల్ల మీద నాలుగు ఫోన్లు వరసగా ఉండేవి. ఒక్కోదాని వెనక ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో ఒక పేరు రాసేవారు. ప్రతి పేరుకీ ఒక కాగితం. వయసు, భర్తతో ఎందుకు విడిపోయింది, హైదరాబాద్‌లో ఏ వ్యాపారం, రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది, అన్నీ అందులోనే. ఫొటోల్లో ఉన్న అమ్మాయి ఎవరో మాలో ఎవరికీ తెలియదు. అవతలివాళ్లు వీడియో కాల్ అడిగితే పై అంతస్తులో ఉన్న మోడల్‌కు ఫోన్ పట్టుకెళ్లేవాళ్లం. ఆమె మా చాట్ గబగబా చదువుకుని కాల్ ఎత్తేది. రాజమండ్రి వాళ్లతో రాజమండ్రి మాట, బెంగళూరు వాళ్లతో కన్నడ మాట నాతో రాయించేవారు. నన్ను కొనుక్కుంది అందుకే.

లోపల మాకూ సొంత పేర్లు లేవు. తలా ఒక ఇంగ్లిష్ పేరు తగిలించారు. మమ్మల్ని అదిలించే టీమ్ లీడరుదీ దొంగ పేరే. ఇంటి సంగతులు మాట్లాడుకుంటే జరిమానా. శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు పని చేయనని మొండికేశాడు. చీకటి గదిలో పెట్టారు, అన్నం ఆపేశారు. బయటికొచ్చాక ట్యూబులైటు కేసి చూడలేక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అదే రాత్రి అదే చేత్తో ఎవరికో "గుడ్ నైట్ అండీ, టాబ్లెట్ వేసుకున్నారా" అని టైపు చేశాడు. ఎందుకు నటిస్తారని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది వాడే.

అవతల ఉన్నవాళ్లూ అన్నీ నిజమే చెప్పేవారని కాదు. గోదావరి జిల్లాల నుంచి ఒకాయన వయసు నలభై ఎనిమిది అని చెప్పారు. ఒక సాయంత్రం మాటల్లో మాటగా మనవడి కాలేజీ ఫీజు కట్టొచ్చానన్నారు. అన్నం తిన్నారా అని అడిగేవాళ్లు లేక, ఆ మాట కోసం వయసు దాచుకున్న మనిషి ఆయన. మోసం చేయాలని కాదు. ఆయనకు నమ్మకం కుదిరాక ఆ ఫోన్ నా దగ్గర్నుంచి తీసుకుని క్రిప్టోలో డబ్బు పెట్టించేవాళ్లకు ఇచ్చేశారు. తర్వాత ఆయన సంగతి నాకు చెప్పలేదు. ఆ బాధ నన్ను వదల్లేదు.

కంబోడియాలో ఇలా బలవంతాన మోసాలు చేయిస్తున్నది దాదాపు 1,00,000 మంది చేత అని 2023 ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. మయన్మార్‌లో 1,20,000 మంది అంది. మా గబ్బూరు క్యాంపులో ఆ మాట ఎవరి చెవినా పడలేదు. 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నారు. కంబోడియాలోని సిహానూక్‌విల్‌లో మనవాళ్లు ఎదురుతిరిగారు. మన ఎంబసీ మొదటి విడతలో 60 మందిని ఇంటికి పంపింది. ఆ కబురు మా బిల్డింగుకీ పాకింది. ఇంటివాళ్లు ఎంబసీకి పెట్టిన అర్జీ వల్ల కొన్నాళ్లకు నేనూ బయటపడ్డాను. శ్రీకాకుళం కుర్రాడి అసలు పేరు ఎంబసీలో అధికారి జాబితా చదువుతుంటే విన్నాను. అన్నాళ్లూ పక్క కుర్చీలోనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక రాయచూరు సైబర్ పోలీసుల దగ్గర కూర్చుని గుర్తున్నవన్నీ రాసిచ్చాను. ఫోన్ల వెనక పేర్లు, బ్యాంకు ఖాతాలు, ఆ గోదావరి పెద్దాయన చెప్పుకున్న పేరు కూడా. కంప్యూటర్లో ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలని అక్కడే తెలిసింది. ఆ చట్టం ఉండాల్సిందే. అయితే కుర్చీలో కూర్చున్నవాడితో పాటు, వాడి పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకున్నవాడూ, వాణ్ణి అక్కడికి అమ్మినవాడూ దొరకాలి.

అప్పు ఇంకా తీరలేదు. వాట్సాప్‌లో ఉద్యోగాల ప్రకటనలు మా వైపు ఇప్పటికీ తిరుగుతున్నాయి, "తెలుగు, కన్నడ వచ్చి ఉండాలి" అని. కనిపించిన ప్రతి నంబరూ స్టేషనుకు పంపుతున్నాను. పిల్లల్ని పంపాలనుకునేవాళ్లు మా ఇంటికొచ్చి అడిగితే, ఎంతసేపైనా కూర్చోబెట్టి ఇదంతా చెబుతున్నాను.