తండ్రికి చూపని పద్యము

మా తండ్రిగారి యవసానకాలమున మేము చేసిన తప్పొకటి కలదు. అట్టిది చదువరుల యిండ్లలో జరుగకుండవలెనని దాని నిచట చెప్పుకొనుచున్నాము.

వైద్యుడు రోగము పేరు మాకు వసారాలో చెప్పెను. మేము కన్నులు తుడుచుకొని, నవ్వు మొగముతో లోపలికి బోయి, "కొంచెము నీరసము, అంతే, నాన్నగారూ, నెలదినములలో లేచి తిరుగుదురు" అంటిమి. నాటినుండి ప్రతిదినమును "ఇంకొక ముద్ద తినుడు, ధైర్యము విడువకుడు" అని వెంటబడితిమి. ఒకనాటి సాయంకాలము ఆయన గంజిగిన్నెను ప్రక్కకు జరిపి, "పోరాడమంటావు. ఎవరితోనో చెప్పవేమిరా?" అని యడిగిరి. మేము దుప్పటి సరిచేసి యూరకుంటిమి.

ఆయన పోయిన కొన్నాళ్లకు డిలన్ థామస్ అను కవి తన తండ్రినిగూర్చి వ్రాసిన పద్యము మా చేతికి వచ్చెను. కవిది వేల్సు దేశము. తండ్రి స్వాన్సీ పట్టణమున ఆంగ్లోపాధ్యాయుడు. షేక్స్పియరు నాటకములను పసితనముననే కుమారుని చెవిని వేసినవాడు. కవి కావలెనని తాను కోరి కాలేకపోయినవాడు. 1933లో నోటిలో పుట్టిన పుట్టకురుపునుండి బయటపడెను గాని, ముసలితనమున చూపు మందగించి, నాటి తేజము నశించెను. అది కన్నకొడుకు చూడలేకపోయెను.

ఆ పద్యమునకు 19 పాదములు, అంత్యప్రాసములు రెండే. రెండు పాదములు మాత్రము నాలుగేసి మారులు మరల మరల వచ్చి, తుదను ప్రక్కప్రక్కన నిలుచును. జ్ఞానులు, సజ్జనులు, ఉద్ధతులు, గంభీరులు అను నాలుగు తెగలవారును మృత్యువునకు లొంగరని చెప్పి, కవి చివరకు తన తండ్రివైపు తిరుగును. పొరుగూరికి బయలుదేరిన తండ్రి యుత్తరీయమును పట్టుకొని విడువక లాగు బిడ్డ పట్టుదల ఆ పునరుక్తిలో గలదు. అది చదివి మేము చాలసేపు ఏడ్చితిమి.

అయితే ఆ పద్యమునకొక కథ గలదు. 1951లో దానిని ఒక పత్రికాధిపురాలికి పంపుచు కవి, దీనిని చూపరానివాడు నా తండ్రి యొక్కడే, తాను మరణించుచున్నట్లు ఆయనకు తెలియదు, అని జాబు వ్రాసెను. తండ్రి 1952 డిసెంబరులో మరణించెను. లోకమంతయు చదివిన యా ప్రార్థన ఎవరికై వ్రాయబడెనో వారికి దానిని చూపుటకు కుమారునికి నోరాడలేదు. ఏడాది తిరుగకముందే, 1953 నవంబరులో, 39 ఏండ్లకే కవియు గతించెను.

ఆ జాబు సంగతి తెలిసిన నాడు మాకు గంజిగిన్నె జ్ఞాపకము వచ్చెను.

మన యిండ్లలో రెండు దురాచారములు కలవు. ఊపిరి యాడుచుండగనే మనుష్యుని నేలకు దింపి, తులసితీర్థము పోసి, దినముల లెక్క మొదలుపెట్టుట యొకటి. దానిపై కవి తిరుగుబాటు న్యాయమే. తుదిశ్వాసవరకు మనిషి మనిషియే. రెండవది, నిజము దాచి ధైర్యము కోరుట. శత్రువెవరో చెప్పక యుద్ధము చేయుమన్నచో ఎట్టి శూరుడు మాత్రమేమి చేయును? మేము దానికి ప్రేమయని పేరు పెట్టుకొంటిమి; నిజమునకది మా పిరికితనము. ఆయన పోరాడవలెనని కోరినది ఆయనకొఱకు కాదు, మాకొఱకు.

మా తండ్రిగారు ఆ నెలలో తమ చెల్లెలి యూరు చూడవలెనని రెండుమారులు అడిగిరి. "నయమైన తరువాత" అంటిమి. కర్మాంతరమున మేనత్తగారు మమ్ము నిందింపలేదు. "అన్నయ్య నన్ను అడగలేదా, నాయనా?" అని మాత్రమనిరి. అడిగిరని చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు.

మా బిడ్డలతో ఇప్పుడే చెప్పియుంచితిమి: రోగము వచ్చిన నాడు దాని పేరు ముందుగా మాకు చెప్పుడు, పోరాడుటయో, విశ్రమించుటయో, చెల్లెలి యూరికి బోవుటయో మేము నిర్ణయించుకొందుము, మీరు ప్రక్కన కూర్చుండిన చాలును. ఆనాడు దుప్పటి సరిచేయుటకు బదులు మేము చెప్పవలసిన ప్రత్యుత్తరమును ఇదియే.