మధ్యగడులు వదిలిన ఆట

మా తాత దూది ఏకేవారు. నాన్న పత్తి పండించారు. నేను ఆ రెండూ చేయక గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ బ్రతికాను. మా మూడు తరాలకూ ఉమ్మడిగా మిగిలినది ఒక చదరంగం బల్ల.

చదరంగం విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. హనఫీ పండితులు ఎక్కువమంది దానిని వారించారు. ఇమామ్ షాఫియీ అయిష్టమైనదిగా మాత్రమే ఎంచారు. పందెం కలిస్తే నిషిద్ధమన్న విషయంలో మాత్రం భేదం లేదు. ఈ సంగతులు తెలిసిన నాన్న మా ఇంట్లో మూడు షరతులు పెట్టారు: పందెం ఉండరాదు, అజాన్ వినబడితే ఆట ఆగాలి, ఓడినవాడు అలగరాదు.

1986లో నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ నాకు కొత్త ఎత్తుగడ నేర్పాడు. అంతవరకూ నాకు తెలిసిన ఆట ఒక్కటే: మొదటి ఎత్తులోనే బంటును మధ్యకు దూకించి ఆ గడులు ఆక్రమించడం. ఈ పద్ధతి అందుకు విరుద్ధం. రాజు వైపు గుర్రం ముందున్న బంటును ఒక్క గడి జరిపి, ఖాళీ అయిన చోట శకటాన్ని కూర్చోబెట్టాలి. మా ఇంట్లో దానిని ఒంటె అంటాం. ఇటలీ భాష నుండి వచ్చిన ‘ఫియాంచెటో’ అన్న పేరు దీనికి స్థిరపడింది. ఆ మూల నుండి శకటం చూపు ఏటవాలుగా బల్ల మధ్య గుండా అవతలి మూల వరకూ సాగుతుంది. మధ్యగడులను ప్రత్యర్థికి వదిలి, అతడు కట్టుకున్న కోటను దూరం నుండి పడగొట్టడమే ఇందులోని కిటుకు. 1924లో న్యూయార్కులో రిచర్డ్ రేటీ ఇటువంటి ఆటతోనే కాపాబ్లాంకాను ఓడించాడు. ఎనిమిదేళ్ళుగా ఓటమి ఎరుగని జగజ్జేతకు అది తొలి పరాజయం.

ఐరోపావారు దీనిని అతినవీనమన్నారు గాని, మనకిది పాతదే. పూర్వపు మన ఆటలో బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడక. 19వ శతాబ్దంలో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ, జాన్ కాక్రేన్ అనే స్కాట్లాండువానితో ఆడుతూ శకటాన్ని ఇలాగే మూలన నిలిపేవాడు. ఈ ఎత్తుగడలకు ‘ఇండియన్ డిఫెన్స్’ అన్న పేరు అలా వచ్చినదే. అంతకు ఎంతో ముందు, అరబ్బుల షత్రంజ్‌లో ఇరుపక్షాలూ తలపడక మునుపు బలగాన్ని తీర్చుకునే అమరికను ‘తాబియా’ అనేవారు. పదో శతాబ్దంలో బాగ్దాదులో అస్సూలీ షత్రంజ్‌పై గ్రంథమే వ్రాశాడు. ‘తాబియా’ అన్న మాట నేటికీ చదరంగం పుస్తకాలలో కనబడుతుంది.

సెలవులకు పర్చూరు దగ్గరి మా ఊరు వెళ్ళినప్పుడు ఈ ఆటను నాన్న మీద ప్రయోగించాను. ఆయన నాలుగు బంట్లను వరుసగా నాలుగో గడికి తెచ్చి నిలబెట్టి నవ్వారు. “చేను వదిలేసి గట్టు మీద కూర్చున్నావేమిరా!” అన్నారు. నేను సహనంతో ఉన్నాననుకుంటూ వెనుకనే బలగాన్ని సర్దుకుంటూ పోయాను. ఆ బంట్లు ముందుకు నడిచివచ్చి నన్ను ఊపిరాడనీయకుండా చేశాయి. వరుసగా మూడు ఆటలు ఓడాను.

హాస్టల్‌కు తిరిగివచ్చి ఆ ఎత్తులు సీనియర్‌కు చూపించాను. “నీ శకటం సరైన చోటే ఉంది. కాని ఆ నాలుగు బంట్ల మీదికి నీ బంటును ఎప్పుడు పంపావు? అది పంపనంతవరకూ నీ శకటం కిటికీ మూసిన గదిలో కూర్చున్నట్లే” అన్నాడతడు. మధ్యగడులు వదలడం ఆటలో సగమేనని, తగిన ఘడియలో ఎదురు బంటు వేయడం మిగతా సగమని అప్పుడు తెలిసింది. బల్ల మీద తెలిసింది గాని, ఇంట్లో తెలియలేదు.

1987 బక్రీదుకు ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి నాన్న, “ఇంకో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేద్దామనుకుంటున్నాను. మందులకు కొట్లో అప్పిస్తారు. నువ్వేమంటావు?” అని అడిగారు. ఒకే మందు మళ్ళీ మళ్ళీ చల్లితే పురుగు దానికి లొంగకుండా పోతుందని అప్పటికే జంతుశాస్త్రం తరగతిలో విన్నాను. ముందటి ఏడు తెల్లదోమ చేసిన నష్టమూ కళ్ళారా చూశాను. అయినా “మీ ఇష్టం నాన్నా” అన్నాను. దానినే అదబ్ అనుకున్నాను.

ఆ ఏడు శనగపచ్చ పురుగు ఖరీదైన పైరెత్రాయిడ్ మందులకు లొంగలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో అప్పుల పాలైన పత్తి రైతులు కొందరు తాము కొన్న మందే త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. నాన్న దైవంపై భారం వేసి నిలబడ్డారు. సొంత పొలంలో ఎకరంన్నర అమ్మి కొట్టు బాకీ తీర్చారు.

కొన్ని నెలల తరువాత బల్ల ముందు కూర్చున్నప్పుడు తల ఎత్తకుండానే అడిగారు: “నీకు ముందే అనుమానం ఉందా?”

ఉందన్నాను.

“మరి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“మీకు ఎదురు చెప్పకూడదని.”

“ఎదురు చెప్పడం వేరు, మష్వరా ఇవ్వడం వేరురా. నువ్వు చెబితే వినేవాడినో లేదో నాకూ తెలియదు. కాని అడిగినవాడికి తెలిసిన మాట దాచడం మర్యాద కాదు” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

నాన్న అల్లాహ్ సన్నిధికి చేరి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ బల్ల ముందు నా ఎదుట మా చిన్నమ్మాయి కూర్చుంటుంది. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వంటి గ్రాండ్‌మాస్టర్లు పుట్టిన గుంటూరులో పెరిగిన పిల్ల గనుక ఈ ఎత్తుగడ నాకంటే బాగా ఆడుతుంది.

నిరుడు ఆమెకొక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం. నేను దాదాపు మాట ఇచ్చేశాను. ఆ సాయంత్రం టీ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, మెల్లగా అంది: “నాన్నా, వాళ్ళలో తప్పు లేదు. కాని డిగ్రీ చివరి ఏడు పూర్తికానివ్వండి. రేపు నిశ్చయమైపోయాక చెబితే మీ మాట పోతుంది, అందుకే ఇవాళ చెబుతున్నాను.”

ఒక్క క్షణం అహం అడ్డు వచ్చింది. మరుక్షణం 1987 నాటి రాత్రి, నేనన్న ‘మీ ఇష్టం’ గుర్తుకొచ్చాయి. ఫోను తీసి ఆ పెద్దలకు విషయం విన్నవించాను. ఏడాది ఆగుతామన్నారు. ఆగకపోయినా నేను చింతించేవాడిని కాను.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత ఇద్దరం ఆటకు కూర్చున్నాం. నేను నాన్నలాగే నాలుగు బంట్లూ ముందుకు తోశాను. ఆమె శకటాన్ని మూలన నిలిపి, రాజును భద్రపరచి, ఆరో ఎత్తులోనే నా కోట మీదికి బంటును పంపింది.